బండి మీద ముక్తినాథ్: పన్నెండు రోజుల లెక్క ఎక్కడ తప్పుతుందంటే

ప్రశ్న ఇది: హైదరాబాద్ నుంచి భార్యాభర్తలిద్దరూ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద నేపాల్‌లోని ముక్తినాథ్ క్షేత్రానికి వెళ్ళి రావాలి. అక్టోబరులో 12 రోజుల సెలవు ఉంది. ఇప్పటిదాకా శ్రీశైలం, అరకు తిరిగారు. కాగితాలేం కావాలి, బండికి ఏం చేయించాలి, రోజుకి ఎంత నడపాలి?

ముందు చేదు మాట చెప్పేస్తాను. పోను రాను బండి మీదే అయితే 12 రోజులు చాలవు. మీరే లెక్క వేసి చూడండి. హైదరాబాద్–నాగపూర్ 500 కి.మీ., నాగపూర్ నుంచి సివనీ, జబల్‌పూర్ మీదుగా రీవా ఇంకో 500, రీవా నుంచి ప్రయాగ్‌రాజ్ మీదుగా గోరఖ్‌పూర్ 400, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు 100. అంటే సరిహద్దు చేరడానికే 1,500 కి.మీ. నేపాల్ లోపల ముక్తినాథ్ దాకా సుమారు 370. రానుపోను కలిపితే 3,700 దాటుతుంది. ఆ 1,500 మూడున్నర రోజుల్లో అయిపోతుంది. లోపలి 370కి మాత్రం నాలుగు రోజులు పెట్టుకోవాలి. దారిలో వచ్చే పోఖరా, బేనీ ఊళ్ళు దాటాక గంటకి 20 కి.మీ. సగటు వచ్చిందంటే బాగా నడిపినట్టే.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మైదానంలో తీరిగ్గా వెళ్ళి, కాశీలో ఒకరోజు, ప్రయాగలో ఒకరోజు ఆగి, చివరికి కొండకి మూడు రోజులు మిగుల్చుకుంటారు. అప్పుడు కొండచరియ విరిగిపడి దారి ఆగినా, వర్షం పట్టినా, ఎత్తుకి తలనొప్పి వచ్చినా కాసుకునే రోజు ఉండదు. అందుకని ప్లాన్ చివరి నుంచి వెనక్కి వేయండి. పోఖరా నుంచి పోఖరాకి ఐదు రోజులు, దానిమీద ఒక ఖాళీ రోజు. ఈ ఆరు రోజులు ముట్టుకోవద్దు. మిగిలినవి రోడ్డుకి. ఆ లెక్కన 15 రోజులు సరిపోతాయి, 14 అయితే బిగువు.

సెలవు పెరగదంటే రెండు దారులున్నాయి. ఒకటి, బండిని రైల్లో గోరఖ్‌పూర్ పంపడం. పార్సిల్ ఆఫీసులో ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, గోనె పట్టా, గడ్డితో కట్టించాలి. ట్యాంకు, హెడ్‌లైటు, అద్దాల దగ్గర కట్టు దగ్గరుండి చూసుకోండి, సొట్టలు పడేది అక్కడే. పార్సిల్‌గా బుక్ చేస్తే మీరెక్కిన రైల్లోనే వస్తుందన్న హామీ లేదు. ప్రయాణ టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే మీతోపాటే వచ్చే అవకాశం ఎక్కువ. అయినా రెండు రోజుల ముందు పంపడం మేలు. రెండో దారి, పోఖరా వెళ్ళి అక్కడే బండి అద్దెకి తీసుకోవడం. మొత్తం ఎనిమిది రోజుల్లో అయిపోతుంది, భన్సార్ (సరిహద్దులో బండికి తీసుకునే అనుమతి) గొడవ లేదు. సొంత బండి మీద వెళ్ళామన్న తృప్తి ఒక్కటే ఉండదు. అద్దె బండికి హామీగా పాస్‌పోర్టు వదిలి రావద్దు, డబ్బు డిపాజిట్ ఇవ్వండి. తీసుకునేటప్పుడు గీతలు, సొట్టలు అన్నీ వాళ్ళ ముందే వీడియో తీయండి.

కాగితాల సంగతి. భారతీయులకి నేపాల్ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకి ఆధార్ కార్డు దీనికి చెల్లదు. ఇది తెలియక అక్కడిదాకా వెళ్ళి ఇబ్బంది పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చేతిలో పట్టుకునేవి కావాలి. డిజీలాకర్ మన పోలీసులకి, సరిహద్దు అవతల కౌంటర్లో కూర్చున్నాయనకి కాదు. ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు బండితో ఉండాలి. బండి మీ నాన్నగారి పేరు మీదో తమ్ముడి పేరు మీదో ఉంటే అనుమతి పత్రం రాయించి నోటరీ చేయించండి. లోను తీరకపోతే బ్యాంకు నుంచి, బండిని దేశం బయటికి తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదన్న లేఖ తీసుకోండి. అడుగుతారా అంటే రోజూ అడగరు. అడిగిన రోజున లేకపోతే 1,500 కి.మీ. వెనక్కి రావాలి.

ఎవరూ పట్టించుకోనిది ఇన్సూరెన్సు. మన పాలసీ దేశం లోపలే పనిచేస్తుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకి భౌగోళిక పరిధి పొడిగింపు అని ఒక ఎండార్స్‌మెంటు ఉంటుంది. చిన్న మొత్తం అదనంగా కట్టించుకుని పాలసీ మీద రాసిస్తారు. కాల్ సెంటర్‌లో అడిగితే చాలాసార్లు వాళ్ళకే తెలియదు, బ్రాంచికి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి, వారం పట్టొచ్చు. మనుషుల ఇన్సూరెన్సు విడిగా తీసుకోవాలి. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు మూడు చూడండి: బైకు నడుపుతూ అయిన ప్రమాదానికి వర్తిస్తుందా, ఎన్ని మీటర్ల ఎత్తు దాకా, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఉందా. ముక్తినాథ్ ఎత్తు 3,710 మీటర్లు. 3,000 దగ్గర ఆగిపోయే పాలసీ మీకు ఉపయోగపడదు.

ఇక సరిహద్దు. సునౌలీ మన వైపు, బెలహియా అటు వైపు. లారీల వరస పెరగకముందే, పొద్దున్నే చేరండి. నేపాల్ గేటు దాటాక కస్టమ్స్ ఆఫీసులో బండికి తీసుకునే తాత్కాలిక అనుమతినే అక్కడ భన్సార్ అంటారు. రుసుము రోజు లెక్కన. రేటు నేపాల్ బడ్జెట్‌తో మారుతుంటుంది, వాళ్ళ ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో మొదలవుతుంది కాబట్టి వేసవిలో విన్న రేటు అక్టోబరుకి ఉండకపోవచ్చు. ఒక బండికి ఏడాదిలో 30 రోజులే. బయట నిలబడ్డ ఏజెంట్లు “మీకెందుకు సార్ శ్రమ” అంటూ వస్తారు. అసలు రుసుము కంటే వాళ్ళ కూలి ఎక్కువవుతుంది. కౌంటర్‌కి మీరే వెళ్ళండి. అదే రోజు తిరిగొచ్చేవాళ్ళకి ఇచ్చే సువిధా చీటీతో పోఖరా వైపు వెళ్ళిపోవద్దు, అది సరిహద్దు పట్నాల వరకే.

భన్సార్ కాగితం చేతికి రాగానే పక్కకి తప్పుకోకుండా అక్కడే చదవండి. రాసేది దేవనాగరిలో, తేదీలు విక్రమ సంవత్‌లో. మన 2025 అక్టోబరు చివర అంటే వాళ్ళకి 2082 కార్తీకం. మీ అనుమతి ఏ రోజుతో ముగుస్తుందో మన తేదీల్లో పెన్సిల్‌తో పక్కన రాసివ్వమనండి, రాసిస్తారు. బండి నంబరు ఒక్కో అక్షరం సరిచూడండి. తెలంగాణ బండ్లకి 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, అంతకుముందువి టీఎస్, ఇంకా పాతవి ఏపీ. అక్కడి గుమాస్తాకి ఈ తేడా తెలియాల్సిన పని లేదు, అలవాటులో ఒకటి బదులు ఇంకొకటి పడుతుంది. తప్పు నంబరుతో ఉన్న కాగితం పోలీసు ఆపినప్పుడు లేనట్టే లెక్క. ఇంకో సంగతి, మీ ప్లాన్ కంటే రెండు రోజులు ఎక్కువకే కట్టండి. ముందే కడితే పోయేది కొద్దిపాటి రుసుము, గడువు దాటాక కడితే జరిమానా. కొన్ని నాకాల దగ్గర యాతాయాత్ (రవాణా శాఖ) వాళ్ళ పర్మిట్ కూడా అడుగుతారు, ‘ఇంకేమైనా కావాలా’ అని భన్సార్ కౌంటర్లోనే అడిగి కదలండి. ఈ కాగితం నాలుగు నకళ్ళు తీసి, అసలుది ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని అప్పజెప్పాలి.

డబ్బు. ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, 1993 నుంచి ఇదే స్థిర రేటు. 2018 చివర్లో నేపాల్ ప్రభుత్వం మన నోట్లలో వందకి మించినవి నిషేధించింది. తర్వాత నిబంధనల్లో సడలింపులు వచ్చినా, కొండ మీద చిన్న హోటలు నడిపే ఆవిడకి అవన్నీ చెప్పి ఒప్పించలేం. వంద నోట్ల కట్టలు రెండు పట్టుకెళ్ళి, సరిహద్దు దాటగానే వచ్చే భైరహవాలో కొంత నేపాలీ డబ్బుగా మార్చుకోండి. 2024 మార్చి నుంచి ఫోన్‌పే క్యూఆర్ ఉన్న దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తుంది. ఇది నేపాల్ సంస్థ ఫోన్‌పే, మన ఫోన్‌పే కాదు, పేరు విని తికమకపడకండి. పోఖరా దాటాక దాన్ని నమ్ముకోవద్దు. సిమ్ తీసుకునేటట్టయితే నేపాల్ టెలికాం తీసుకోండి, ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా వైపు అదే మెరుగు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు ఎవరైనా ఇస్తామన్నా పట్టుకెళ్ళకండి, లైసెన్సు లేకుండా భారత్‌లో అవి ఉంచుకోవడమే నేరం.

బండి దగ్గరికి వద్దాం. ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చడం మామూలే, ఏ మెకానిక్ అయినా చేస్తాడు. అడిగి చేయించాల్సినవి వేరే ఉన్నాయి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళు దాటితే కొత్తది పోయించండి. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. నీరు చేరిన ఫ్లూయిడ్ పొడవాటి దిగుడులో వేడెక్కి ఆవిరి బుడగలు కడుతుంది, అప్పుడు లివరు పట్టు లేకుండా లోపలికి పోతుంది. మైదానంలో ఎప్పటికీ బయటపడని లోపం ఇది. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, బ్రేకు పట్టుకుని కూర్చోకుండా నొక్కి వదులుతూ రండి.

చైను. షోరూంలో ఖాళీ బండి స్టాండు మీద పెట్టి బిగిస్తారు. ఇద్దరు మనుషులు, 20 కిలోల సామాను ఎక్కితే వెనక సస్పెన్షన్ కుంగి చైను ఇంకా బిగుస్తుంది. అలాగే గతుకుల్లో పోతే చైను సాగుతుంది, గేర్‌బాక్సు ముందు స్ప్రాకెట్ దగ్గరి బేరింగ్, ఆయిల్ సీలు దెబ్బతింటాయి. సామాను కట్టి, మీరిద్దరూ కూర్చుని, మూడో మనిషి చేత చైను కింద నుంచి వేలితో ఎత్తించి చూడండి. కొంచెమైనా ఆడాలి. ఆడకపోతే వదులు చేయించండి.

క్లచ్ కేబుల్ కొత్తది వేయించి, పాతది పారేయకండి. ఇంకా మంచిదేంటంటే, కొత్త స్పేర్ కేబుల్‌ని బండికి వేసినదాని పక్కనే అదే దారిలో పంపి ట్యాగులతో కట్టి ఉంచడం. తెగినప్పుడు ట్యాంకు విప్పకుండా రెండు చివరలు తగిలిస్తే చాలు, పది నిమిషాల పని. మీది స్పోక్ చక్రాల మోడలైతే ట్యూబులుంటాయి. ముందు 19, వెనక 18 అంగుళాలకి ఒక్కొక్క ట్యూబు, మూడు టైరు లివర్లు, యాక్సిల్ నట్లకి సరిపోయే పానాలు, చిన్న గాలి పంపు పెట్టుకోండి. ఇంట్లో ఒకసారి వెనక చక్రం మీ చేత్తో విప్పి బిగించండి. అది చేయకుండా పట్టుకెళ్ళిన పానాలు బరువు తప్ప ఇంకేం కాదు. అల్లాయ్ చక్రాలైతే ప్లగ్ కిట్ సరిపోతుంది. ఇవి కాక ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్, యాక్సిలరేటర్ కేబుల్, చైను లింకు, అరలీటరు ఆయిల్, ఒక ఎం-సీల్. ఎం-సీల్ ఎందుకంటే, రాయి ఎగిరి ఇంజన్ కింద తగిలి కేసుకి సన్నటి పగులు వస్తే, తుడిచి దాన్ని అద్ది పోఖరా దాకా రావచ్చు.

పెట్రోలు డబ్బా వేలాడదీసుకుని వెళ్ళక్కర్లేదు. ట్యాంకు 13 లీటర్లు, కొండ మీద ఇద్దరితో 25 మైలేజీ అనుకున్నా 300 కి.మీ. పైనే వస్తుంది. బేనీలో నింపితే ముక్తినాథ్ వెళ్ళి మళ్ళీ బేనీ రావడం సుమారు 200. డబ్బా కారి సామాను తడవడం, సైలెన్సరు పక్కన వేలాడటం అనవసరమైన ప్రమాదం. సామాను సంగతికొస్తే, బరువైనవి కింద పక్క సంచుల్లో, సీటు వెనక పైన తేలికవి. వాన కవరు సంచి పైన వేస్తే గాలికి ఎగిరిపోతుంది, బట్టలు లోపలే మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టేయండి.

అక్టోబరు అన్నారు కదా, మంచి నెలే. వర్షాకాలం సెప్టెంబరు చివరికి తగ్గుతుంది, ఏప్రిల్–మేలో అయితే నాగపూర్ ఎండ మీ పని పడుతుంది, డిసెంబరు చివర్లో గోరఖ్‌పూర్ చుట్టూ పొగమంచు. కానీ దసరా రోజులు తప్పించండి. వాళ్ళకి దశైన్ అన్నిటికంటే పెద్ద పండగ, ఊళ్ళకి వెళ్ళే బస్సులతో బుట్వల్ రోడ్డు నిండిపోతుంది, ఆఫీసులకి సెలవులు. దీపావళి అక్టోబరులోనే వచ్చే ఏడైతే, దాని తర్వాత వారం మొదలుపెట్టి నవంబరు మధ్యలోపు తిరిగి వచ్చేయడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి అదను.

దారి ఇలా. బెలహియా నుంచి బుట్వల్ 27 కి.మీ. చదును. బుట్వల్ దాటగానే సిద్ధబాబా గుడి దగ్గరి లోయలో రాళ్ళు రాలుతుంటాయి, అక్కడ ఫోటోలకి ఆగొద్దు, వాన పడుతుంటే బుట్వల్‌లోనే ఆగండి. మొదటి రాత్రి పాల్పా తాన్సేన్‌లో. మర్నాడు మధ్యాహ్నానికి పోఖరా. అదే మధ్యాహ్నం అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం అనుమతి తీసుకోండి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు కావాలి, సార్క్ దేశాలవాళ్ళకి విడిగా తక్కువ రేటుంది. ముక్తినాథ్ దాకా ఇది చాలు. కాగ్‌బేనీ అనే ఊరి నుంచి ఉత్తరానికి, లో మంథాంగ్ అనే పట్నం వైపు వెళ్ళాలంటే మాత్రం ప్రత్యేక పర్మిట్ కావాలి, పాతికేళ్ళ కుర్రాళ్ళెవరో వీడియో పెట్టారని ఆ గేటు దాటకండి.

పోఖరా నుంచి బేనీ 80 కి.మీ. అక్కణ్ణుంచి కాళీ గండకీ వెంబడే. తాతోపానీ, దానా, రుప్సే జలపాతం, ఘాసా. ఈ ముక్కే అసలు పరీక్ష. ఒక పక్క ధౌళగిరి 8,167, ఇంకో పక్క అన్నపూర్ణ 8,091 మీటర్లు, మధ్యలో సందులా లోయ. రోడ్డు తారు పడినచోట పడింది, విరిగినచోట మట్టి, గుండ్రాళ్ళు, అడ్డంగా వాగు నీళ్ళు. నీళ్ళ దగ్గర తొందరపడకండి. ముందు ఒక జీపు పోనివ్వండి, దాని చక్రం ఎంతదాకా మునిగిందో చూడండి. వెనక కూర్చున్నవాళ్ళు దిగి నడిచి దాటాలి. మొదటి గేరు, ఒకే తీరు యాక్సిలరేటరు, చూపు అవతలి ఒడ్డు మీద. మధ్యలో క్లచ్ పట్టుకుంటే బండి ఊపు పోయి రాయి మీద ఆగిపోతుంది. ఇంజన్ ఆగి, ఎయిర్ ఫిల్టర్ దాకా నీరెక్కిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టొద్దు. లోపలికి నీరు పోయి ఉంటే ఆ నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసి బయటికి తెచ్చి ప్లగ్ విప్పి చూశాకే స్టార్టు చేయండి. హెయిర్‌పిన్‌ మలుపుల్లో సగం క్లచ్ మీద ఎక్కించడం ఇంకో జబ్బు, రెండోరోజుకే కాలిన వాసన వస్తుంది.

గాలి గురించి ఎవరూ ముందు చెప్పరు. జోమ్‌సోమ్ లోయలో (ఘాసాకి ఎగువన) పొద్దున పదకొండు దాటాక దక్షిణం నుంచి ఎగువకి ఈదురుగాలి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. అక్కడి విమానాలు పొద్దున పూటే నడిచేది అందుకే. వెళ్ళేటప్పుడు ఆ గాలి మీ వీపున ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. దిగేటప్పుడు ఎదురు. ఇసక మొహాన కొడుతుంది, లోయ మలుపుల్లో బండిని పక్కకి నెడుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో జోమ్‌సోమ్ నుంచి ఆరింటికల్లా కదిలి, పదిన్నరకి ఘాసా దాటేయాలి.

ఎత్తు. పోఖరా 820 మీటర్లు, ముక్తినాథ్ 3,710. ఒక్కరోజులో ఎక్కితే చాలామందికి తలనొప్పి, వాంతులు ఖాయం. మొదటి రాత్రి తాతోపానీ, రెండో రాత్రి మార్ఫా లేదా జోమ్‌సోమ్‌లో పడుకోండి, అవి 2,700 దగ్గర ఉంటాయి. మూడోరోజు పొద్దున్నే పైకి వెళ్ళి దర్శనం చేసుకుని, పడకకి మళ్ళీ జోమ్‌సోమ్ దిగిరండి. పైన నిద్రపోకపోవడమే సగం మందు. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ప్రమాదం. తలనొప్పితోపాటు నడక తూలితే, మాట తడబడితే, అది చీకటైనా సరే వెంటనే కిందికి దిగాల్సిన లక్షణం.

బండికీ ఇదే బాధ. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులకి కొంచెం తక్కువ. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కొలత సరిచేసుకుంటుంది, లేని ఆక్సిజన్‌ని తీసుకురాలేదు కదా. మీ 20 గుర్రాల బండి 13 గుర్రాలదవుతుంది. కాగ్‌బేనీ మలుపు నుంచి పైకి తారు రోడ్డే, కానీ ఇద్దరితో మొదటి గేరు అడిగితే కంగారుపడకండి, అది రిపేరు కాదు. టైరు గాలి కూడా గేజీలో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, బయటి ఒత్తిడి తగ్గింది కాబట్టి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి సరిచేసుకోండి, దిగాక మళ్ళీ నింపడం మరిచిపోకుండా.

గుడి కింద ఉన్న ఊరు రాణీపౌవా దగ్గర బండి ఆపి అరగంట మెట్ల దారి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మనవాళ్ళు చాలామంది 108 ధారల కింద స్నానం చేస్తారు. చేయదలిస్తే ముందు దర్శనం వరస ఎంతుందో చూసుకుని, పొడి బట్టలు, తువ్వాలు, ఉన్ని టోపీ చేతిలో పట్టుకుని వెళ్ళండి, బండి దగ్గర వదిలేయకండి. తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకుని ఆ చలిగాలిలో దిగితే వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు పట్టవు. వేడి టీ తాగి, చేతులు మామూలుగా అయ్యాక, పదింటిలోపు కిందికి బయల్దేరండి.